పేజీకో పేలుడు: పాత పల్ప్ సైన్స్ ఫిక్షన్ నవలల్ని లోపాలతో సహా చదవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఈ నవలల్లో చాలావరకు బాగా రాసినవి కావు. 1910ల నుంచి 1950ల మొదటి వరకు అమెరికాలో చవక కాగితం పత్రికల్లో వచ్చిన అంతరిక్ష సాహసాల గురించి మాట్లాడుతున్నా. రాకెట్లు, కిరణాల తుపాకులు, కత్తియుద్ధాలు, నాలుగు చేతుల ఆకుపచ్చ వీరులు, ప్రతి పాతిక పేజీలకోసారి ఎవరో ఒకరు ఎత్తుకుపోయే రాకుమార్తెలు, అవన్నమాట. "సైన్స్ ఫిక్షన్‌కి మూలం ఇదే, చదవకపోతే ఎలా" అని ఎవరో అంటే తెచ్చుకుని, నలభై పేజీలు తిరగేసి, దీన్నా ఇంతగా పొగిడింది అని పక్కన పడేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

నేనూ అదే పని చేశాను. ఎడ్గార్ రైస్ బరోస్ 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' ఒక్క రాత్రిలో చదివేద్దామని కూర్చున్నా. అర్ధరాత్రి దాటేసరికి హీరో ఎన్నోసారి బందీ అయ్యాడో లెక్క తప్పింది, ఎవరు ఎవర్ని చంపారో అంతా కలగాపులగం అయింది, చివరికి మిగిలింది తలనొప్పి. కొన్నేళ్ల తర్వాత అదే పుస్తకం వారానికి కొంచెం చొప్పున చదివితే హాయిగా సాగిపోయింది. అప్పటి నుంచి ఈ రకం పుస్తకాలకి నేను వాడుతున్న పద్ధతి ఇది. లోపాల్ని దాచేది కాదు, ఏ లోపం ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుని, దేనికి నవ్వాలో దేన్ని దాటేయాలో దేన్ని ఊరుకోకూడదో తేల్చుకునేది.

మొదట ఆ పత్రికల లెక్క తెలుసుకోండి

పల్ప్ అనేది కాగితం పేరు. కలప గుజ్జుతో చేసిన ముతక కాగితం, రమారమి ఏడంగుళాల వెడల్పు, పదంగుళాల పొడవు పత్రిక, అంచులు కత్తిరించకుండా చింపిరిగా ఉండేవి. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి కొన్నేళ్లకే గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. ఎప్పటికీ దాచుకోవాలని ఎవరూ అచ్చేసినవి కావు. ఫ్రాంక్ మన్సీ 1896లో తన 'ఆర్గసీ' పత్రికని పూర్తిగా కథలతో, ఈ చవక కాగితం మీద నడపడం మొదలుపెట్టాడు. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' తెచ్చాడు, పాతిక సెంట్లు, అచ్చంగా సైన్స్ ఫిక్షన్ కోసమే పుట్టిన మొదటి ఇంగ్లీషు పత్రిక.

ఇక అసలు సంగతి, రచయితకి డబ్బు పదాల లెక్కన ఇచ్చేవాళ్లు. పదానికి ఒక సెంటు అంటే చాలాచోట్ల గౌరవమైన రేటే. గెర్న్స్‌బాక్ అయితే అంతకన్నా తక్కువ ఇచ్చేవాడు, అదీ ఎప్పటికో ఇచ్చేవాడు. భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ విసిగిపోయి ఆయనకి 'ఎలుక' అని పేరు పెట్టాడు. ఈ లెక్క మనసులో పెట్టుకుని ఏ పేజీ అయినా తీయండి, విశేషణాలు ఎందుకు మూడేసి చొప్పున వస్తాయో అర్థమైపోతుంది. "భయంకరమైన, జుగుప్సాకరమైన, వర్ణనాతీతమైన ఆ ఆకారం" అంటే మూడు సెంట్లు అదనం. వర్ణించలేనిది అంటూనే పేజీన్నర వర్ణిస్తాడు చూడండి, అది ఆ నెల ఇంటి అద్దె.

బరోస్ సంగతే తీసుకోండి. ముప్పై అయిదేళ్లు వచ్చినా ఏ వ్యాపారమూ కలిసిరాక, పెన్సిల్ చెక్కే మిషన్లు అమ్మించే పనిలో ఉన్నాడు. పత్రికల్లో ప్రకటనలు సరిగా పడ్డాయో లేదో చూసుకోవడం కోసం ఈ పల్ప్‌లు తిరగేస్తూ, ఇంత చెత్త రాసినవాళ్లకే డబ్బులిస్తుంటే ఇంతటి చెత్త నేనూ రాయగలను కదా అనుకున్నాడట. ఈ మాట ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అలా రాసింది 1912 ఫిబ్రవరి నుంచి జులై దాకా 'ఆల్ స్టోరీ' పత్రికలో ఆరు వాయిదాల్లో వచ్చింది, ముట్టింది 400 డాలర్లు. పిచ్చివాడు అనుకుంటారేమోనని 'నార్మల్ బీన్' అని, అంటే నా బుర్ర సరిగానే ఉంది అని అర్థమొచ్చే కలంపేరు పెట్టుకుంటే, అచ్చులో ఎవరో దాన్ని తప్పనుకుని 'నార్మన్ బీన్' అని సరిదిద్దేశారు. పుస్తకంగా వచ్చింది అయిదేళ్లకి, 1917లో.

ఒక్క ఊపున చదవొద్దు

ఈ మొత్తంలో ఒక్క సలహా మాత్రమే పాటిస్తానంటే ఇదే పాటించండి. సీరియల్‌గా రాసినదాన్ని సీరియల్‌గానే చదవాలి. 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్'లో 28 అధ్యాయాలు ఉన్నాయి, ఆరు వాయిదాలంటే ఒక్కోదానికి నాలుగైదు అధ్యాయాలు. ఆ లెక్కన చదివి పుస్తకం మూసేయండి. నెల ఆగక్కర్లేదు, మూడు నాలుగు రోజులు చాలు, మధ్యలో వేరే పుస్తకం ఏదైనా చదువుకోండి.

అప్పుడేమవుతుందంటే, ఒకేసారి చదివినప్పుడు విసుగెత్తించినవే పనికొచ్చేవిగా కనిపిస్తాయి. చెప్పిందే మళ్లీ చెప్పడం ఉంది చూశారా, అది పోయిన నెల సంచిక దొరకని పాఠకుడి కోసం. హీరో బందీ అవడం, తప్పించుకోవడం, మళ్లీ బందీ అవడం కూడా అంతే, ప్రతి వాయిదా చివర ఒక ప్రమాదం ఉండాలి, లేకపోతే వచ్చే నెల పత్రిక ఎవరు కొంటారు? డాక్ సావేజ్ అనే పల్ప్ హీరో కథలు రాసిన లెస్టర్ డెంట్ అయితే ఈ పనికి ఫార్ములానే రాసిపెట్టాడు. ఆరు వేల పదాల కథని పదిహేను వందల చొప్పున నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్కలో హీరో నెత్తిన కొత్త కష్టం కుమ్మరించమన్నాడు. నెలకోసారి తింటే అది రుచి, ఒకే రాత్రి ఆరు నెలల భోజనం ముందేసుకుని కూర్చుంటే ఎవరికైనా వెగటే.

కొనేముందు, లేదా దింపుకునేముందు

బరోస్ మొదటి నవలలు అమెరికాలో కాపీరైట్ దాటిపోయాయి, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను మాత్రం తెలివిగా డబ్బులు పెట్టి, ఎవరో స్కాన్ చేసి అచ్చేసిన చవక కాపీ కొన్నాను. అందులో ఒక అధ్యాయం మధ్యలో రెండు పేజీలు లేవు. తమాషా ఏంటంటే ఆ లోటు నాకు తెలియడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే హీరో ముందు పేజీలో గొలుసులతో ఉన్నాడు, తర్వాత పేజీలో కత్తితో ఉన్నాడు, ఈ రకం నవలలో అది పెద్ద వింతేమీ కాదు కదా అనుకున్నా.

ఏ ఎడిషన్ అన్నది కూడా చూడాలి, ఎందుకంటే తర్వాత చేసిన మార్పులు కొన్నిసార్లు కథనే పాడుచేశాయి. ఇ.ఇ.స్మిత్ లెన్స్‌మ్యాన్ నవలల వరసని (గ్రహాల మధ్య తిరిగే పోలీసుల కథలు) చూడండి. 'ట్రైప్లానెటరీ' 1934లో విడి కథగా వచ్చింది. 1948లో పుస్తకంగా వేసేటప్పుడు దానికి ముందు భాగాలు కొత్తగా తగిలించి వరసలో మొదటిది చేశారు. దాంతో 'గెలాక్టిక్ పాట్రోల్' నుంచి మొదలుపెట్టిన పాఠకుడికి ఒక్కో పుస్తకం గడిచేకొద్దీ విడాల్సిన ముడి, తెర వెనక ఎవరున్నారన్నది, 'ట్రైప్లానెటరీ' మొదటి పేజీల్లోనే విప్పేసినట్టయింది. అందుకని పుస్తకాల మీద ఒకటి, రెండు అని వేసిన అంకెల్ని నమ్మొద్దు, 1937లో పత్రికలో మొదలైన 'గెలాక్టిక్ పాట్రోల్' నుంచే మొదలుపెట్టండి.

ఇదే స్మిత్ రాసిన 'ది స్కైలార్క్ ఆఫ్ స్పేస్' 1928లో అచ్చయినప్పుడు దాని మీద లీ హాకిన్స్ గార్బీ అనే ఆవిడ పేరు కూడా ఉంది. ప్రేమ సన్నివేశాలు తన వల్ల కాదని స్మిత్ ఆవిడ సాయం తీసుకున్నాడు. 1958 నాటి ఎడిషన్‌కి వచ్చేసరికి కథనీ మార్చారు, ఆవిడ పేరూ తీసేశారు. ఆ ప్రేమ సన్నివేశాలు గొప్పగా ఉన్నాయని నేను చెప్పను, పెళ్లిమాటలు కూడా ప్రయోగశాల రిపోర్టులాగే ఉంటాయి, కానీ రాసినవాళ్ల పేరు రాసినవాళ్లకి ఉండాలి.

సైన్స్ తప్పులు: ముందు సంవత్సరం చూడండి

అంగారకుడి మీద కాలువలు, శుక్రుడి మీద చిత్తడి అడవులు కనిపించగానే నవ్వేయడం తేలిక. ఆగి, ఆ కథ అచ్చయిన ఏడాదికి ఏం తెలుసో చూడండి. 1877లో ఇటలీ ఖగోళవేత్త స్కియాపరెల్లి అంగారకుడి మీద గీతలు చూశానన్నాడు, 1895లో పర్సివల్ లోవెల్ అవి ఎండిపోతున్న గ్రహాన్ని బతికించుకోవడానికి అక్కడి జీవులు తవ్విన కాలువలని పుస్తకమే రాశాడు. ఖగోళ శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు గానీ జనానికి ఆ బొమ్మ నచ్చింది. బరోస్ ఊహించిన చచ్చిపోతున్న గ్రహం అక్కడిదే. శుక్రుడి మీద అంతా తడి, బురద అన్నది కూడా కథకుల పిచ్చి కాదు, నోబెల్ బహుమతి పొందిన అర్హీనియస్ 1918లో అలాగే అన్నాడు. 1962 డిసెంబర్‌లో మారినర్ 2 అనే వ్యోమనౌక శుక్రుడి పక్కనుంచి వెళ్లి అదొక కొలిమి అని తేల్చింది (ఉపరితలం 460 డిగ్రీల సెల్సియస్ పైమాటే), 1965 జులైలో మారినర్ 4 అంగారకుడి ఫొటోలు పంపితే చంద్రుడి మీదలాంటి గుంటలు తప్ప కాలువ అన్నదే లేదు. ఆ రెండు తేదీలకి ముందు రాసినవాళ్ల మీద మనకి కేసేమీ లేదు.

ఆ రోజుల్లో బడి పిల్లాడు కూడా లెక్కకట్టి చెప్పగలిగిన తప్పులు వేరు. 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' హీరో జాన్ కార్టర్ అంగారకుడి మీద దిగగానే భయపడి ఒక్క గంతు వేస్తే ముప్పై అడుగుల ఎత్తుకి లేస్తాడు. అక్కడి గురుత్వాకర్షణ ఇక్కడిదాంట్లో సుమారు 38 శాతం. ఇక్కడ అర మీటరు ఎగరగలిగినవాడు అదే ఊపుతో అక్కడ ఎగిరితే 0.5ని 0.38తో భాగించాలి, అంటే మీటరూ ముప్పై సెంటీమీటర్లు. ఛాతీ ఎత్తుదాకా, అంతే. ముప్పై అడుగులంటే తొమ్మిది మీటర్లు, ఆ లెక్కన ఆయన భూమి మీదే మూడున్నర మీటర్లు ఎగిరేవాడై ఉండాలి! ఇలాంటి లెక్క ఒక్కటి చేసుకోండి, బాగుంటుంది. కానీ ఒక్కటే చేసి ఆపేయండి, ప్రతి పేజీకీ కాలిక్యులేటర్ తీస్తే కథ ముందుకు జరగదు.

మూడో రకం కూడా ఉంది, తెలిసీ తోసేయడం. కాంతికన్నా వేగంగా ఏదీ పోలేదని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. స్మిత్ కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ ఉన్నవాడు, ఆయనకి తెలియక కాదు. స్కైలార్క్ నౌక ఆ హద్దు దాటిపోయినప్పుడు పాత్రలే ఆ మాట ఎత్తి, అది సిద్ధాంతం, మనం వచ్చిన దూరం కళ్లముందు ఉంది అన్నట్టు మాట్లాడుకుని ముందుకు వెళ్లిపోతారు. ఆ బరితెగింపు నాకు ఇష్టం. దొంగ వివరణ పది పేజీలు ఇచ్చేకన్నా ఇదే నయం.

వివరణలంటే గుర్తొచ్చింది. గెర్న్స్‌బాక్‌కి కథ ద్వారా సైన్స్ పాఠం చెప్పాలనే పట్టుదల, ఆ పాఠం మాత్రం కథలోకి కలిసేది కాదు. ఎలా ఉంటుందో ఒక ముక్క నేనే కట్టి చూపిస్తా:

"'ప్రొఫెసర్, మీకు తెలిసిందే కదా, ఈ పరికరంలో రాగి పరమాణువులు విచ్ఛిన్నమై అనంతమైన శక్తి పుడుతుంది!' అని రిచర్డ్ గర్జించాడు. 'అవును రిచర్డ్, నాకు తెలుసు, దాన్ని కనిపెట్టిందే నేను!' అని ప్రొఫెసర్ ప్రకటించాడు. 'అయితే మరోసారి వివరించండి!' అని ఆయన కూతురు నిట్టూర్చింది."

ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకరికొకరు చెప్పుకోవడం, ఎవరూ మామూలుగా 'అనకపోవడం', ఆడపిల్ల ఉన్నది ప్రశ్న అడగడానికే కావడం, మూడూ ఒకేచోట. ఇలాంటిది వచ్చినప్పుడు నేను చేసే పని సిగ్గులేకుండా చెబుతున్నా: పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం చదివి దాటేస్తా. కథకి అవసరమైనదైతే రచయిత మళ్లీ చెబుతాడు, ఆయనకి పదానికి డబ్బులు కదా.

గుర్రం బదులు రాకెట్

1950 అక్టోబర్‌లో 'గెలాక్సీ' పత్రిక తొలి సంచిక వెనక అట్ట మీద ఒక ప్రకటన వేశారు. పక్కపక్కన రెండు పేరాలు. ఒకదాంట్లో బ్యాట్ డర్‌స్టన్ అనేవాడు గుర్రం మీద కొండసందులోంచి దూసుకొస్తాడు, రెండోదాంట్లో అదే బ్యాట్ డర్‌స్టన్ రాకెట్‌లో ఏదో గ్రహం మీదకి దూసుకొస్తాడు. మిగతాదంతా దాదాపు మక్కీకి మక్కీ. ఇలాంటివి మా పత్రికలో ఎప్పటికీ కనిపించవు అని కింద రాశారు. లోపాన్ని ఇంత సూటిగా చూపించిన విమర్శ నేను వేరే చదవలేదు.

మీరూ ఈ పరీక్ష వాడండి. ఏదైనా అధ్యాయం తీసుకుని కిరణాల తుపాకీ చోట పిస్తోలు, నౌక చోట గుర్రం, గ్రహం చోట ఎడారి పెట్టి చూడండి. ఏమీ చెడకపోతే అందులో ఉన్న సైన్స్ ఫిక్షన్ రంగు మాత్రమే అన్నమాట. గ్రహాంతరవాసులకి కూడా ఇదే పరీక్ష. ఆకుపచ్చ రంగు కడిగేస్తే లోపల కోపిష్టి మనిషే కనిపిస్తున్నాడా? 1934 జులైలో 'వండర్ స్టోరీస్'లో స్టాన్లీ వైన్‌బామ్ 'ఎ మార్షియన్ ఒడిస్సీ' అచ్చయినప్పుడు పాఠకులు ఉలిక్కిపడింది ఇందుకే. అందులో ట్వీల్ అనే పక్షిలాంటి జీవి తెలివైనదని తెలుస్తుంటుంది, స్నేహంగానే ఉంటుంది, కానీ దాని ఆలోచన మన ఆలోచనకి ఎక్కడా పొసగదు. పాపం వైన్‌బామ్ ఏడాదిన్నర తిరక్కుండానే చనిపోయాడు.

అయితే ఈ పరీక్షని గుడ్డిగా నమ్మొద్దు. లీ బ్రాకెట్ అనే రచయిత్రి అంగారక కథలు ఇందులో చాలావరకు ఫెయిలవుతాయి. ఆవిడ తర్వాత హాలీవుడ్‌లో వెస్టర్న్‌లూ (కౌబాయ్ సినిమాలు) డిటెక్టివ్ సినిమాలూ రాసిన మనిషి, గుర్రం వాసన రాకుండా ఎలా ఉంటుంది? 1949లో ఒక పల్ప్‌లో 'సీ కింగ్స్ ఆఫ్ మార్స్' అని వచ్చి, తర్వాత 'ది స్వోర్డ్ ఆఫ్ రియానన్' పేరుతో పుస్తకమైన నవల ఉంది. సమాధుల్లో వెతుక్కునే దొంగలాంటి పురావస్తు పరిశోధకుడు లక్షల ఏళ్ల వెనక్కి పడిపోయి, తను ఎండిన గుంటగా చూసిన చోట నీళ్లు నిండిన సముద్రాన్ని చూస్తాడు. ఆ సముద్రం ఇంకిపోయిందని అతనికి తెలుసు, అక్కడ తెడ్డు వేస్తున్నవాళ్లకి తెలియదు. ఓడయుద్ధం ఏ సముద్రం మీదైనా జరగొచ్చు, ఈ దిగులు మాత్రం ఆ గ్రహం మీదే పుడుతుంది.

రాకుమార్తె ఎందుకు అలిగింది

ఆడపాత్రల సంగతి. ముఖచిత్రాల మీద వాళ్లకి బట్టలు తక్కువ, లోపల మాటలు తక్కువ. బార్సూమ్‌లో (బరోస్ అంగారకుడికి పెట్టిన పేరు) అసలు ఎవరూ బట్టలు కట్టుకోరు, అదో సమానత్వం అనుకోవాలి.

దగ్గరగా ఒక సన్నివేశం చూద్దాం. కార్టర్ ఆ నవల రాకుమార్తె డేజా థోరిస్‌ని "నా రాకుమారీ" అని పిలుస్తాడు. ఆమె ముఖం తిప్పేసుకుంటుంది. ఆ తర్వాత అధ్యాయాలకి అధ్యాయాలు మాట్లాడదు, మనవాడు ఎందుకో తెలియక కుమిలిపోతుంటాడు. చివరికి తేలేదేంటంటే, అక్కడి ఆచారంలో ఒక ఆడదాని కోసం పోరాడి గెలిచినవాడు ఆమెని పెళ్లాడమని అడగాలి లేదా విడిచిపెట్టాలి, అడగకుండా నాదానివి అనడం అంటే అవమానం. ఒక్క ప్రశ్న అడిగితే తీరిపోయే గొడవ ఇది. కార్టర్ ఇతరుల మనసులు చదవగలడు కూడా! ఆ శక్తి కాపలావాళ్ల దగ్గరా, తలుపుల దగ్గరా పనిచేస్తుంది, ప్రేమ దగ్గర మాత్రం రచయిత స్విచ్ ఆపేస్తాడు. సాగదీయడం కోసం పెట్టిన అలక అని తెలుస్తూనే ఉంటుంది. అయినా నాకు ఇందులో నచ్చేదొకటుంది, తప్పు ఆమెది కాదు, పద్ధతి తెలియని పరాయివాడిది. బరోస్ ఆ సంగతి హీరో చేతే ఒప్పిస్తాడు.

స్మిత్ దగ్గర అంత సందు కూడా లేదు. లెన్స్ (ఆ పోలీసులు చేతికి కట్టుకునే, మనసులు చదివే శక్తినిచ్చే బిళ్ల) ఆడవాళ్లకి సరిపడదని 1950లో వచ్చిన 'ఫస్ట్ లెన్స్‌మ్యాన్'లో కథే తీర్పు చెప్పేస్తుంది. తర్వాతి కాలం కథలో క్లారిసా మక్‌డూగల్ అనే ఒక్క స్త్రీకి మినహాయింపు, అంతే.

ఊరుకోకూడనివి

జాన్ కార్టర్ అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల సైన్యంలో, అంటే బానిసత్వం నిలబెట్టడానికి పోరాడిన సైన్యంలో కెప్టెన్. అరిజోనాలో అపాచీ తెగవాళ్లు తరుముతుంటే గుహలో దూరి అక్కడి నుంచి అంగారకుడికి చేరతాడు. నవల అతన్ని మచ్చలేని పెద్దమనిషి అంటుంది. వచ్చిన కొద్ది రోజుల్లో భాష నేర్చేస్తాడు (గ్రహం మొత్తానికి ఒకటే భాష, ఎంత వీలో), అక్కడివాళ్లకన్నా బాగా పోరాడతాడు, నాయకుడవుతాడు. బయటినుంచి ఒక తెల్లవాడు రాకపోతే వాళ్ల బతుకులు బాగుపడవు అన్న లెక్క. అయితే రెండో నవలలో దేవుళ్ల పేరుతో గ్రహాన్నంతా మోసం చేస్తున్న పూజారులు తెల్లచర్మం వాళ్లు. బరోస్‌ని ఒక్క ముక్కలో తేల్చలేం.

కొన్నిటిని మాత్రం ఒక్క ముక్కలో తేల్చొచ్చు. 1928 ఆగస్టులో 'అమేజింగ్'లో ఫిలిప్ ఫ్రాన్సిస్ నౌలాన్ రాసిన 'ఆర్మగెడాన్ 2419 ఏ.డి.' (బక్ రోజర్స్ పుట్టింది ఇందులోంచే) అమెరికాని ఆక్రమించిన ఆసియా జాతిని పురుగుల్లా ఏరేయడం గురించి సంబరంగా చెబుతుంది. 1930 నాటి 'స్కైలార్క్ త్రీ'లో హీరోలు శత్రువుల గ్రహాన్ని జనంతో సహా పేల్చేస్తారు. ఆ పని చేసేముందు పడే మథన కన్నా ఆ పని చేసే యంత్రం వర్ణనకే ఎక్కువ పేజీలు పోతాయి.

ఇలాంటిచోట "ఆ రోజులే అలాంటివి" అని సర్దేసుకోకండి. ఆ రోజులు అందరికీ అలాంటివి కావు. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1920లోనే 'ది కామెట్' రాశాడు. తోకచుక్క విషవాయువులతో న్యూయార్క్ అంతా చచ్చిపోతే ఒక నల్లవాడు, ఒక తెల్లమ్మాయి మాత్రమే మిగిలారనుకున్నప్పుడు ఏమవుతుందో చెప్పే కథ. 1931లో జార్జ్ స్కైలర్ 'బ్లాక్ నో మోర్' వచ్చింది, నల్లచర్మాన్ని తెల్లగా మార్చే యంత్రం దొరికితే దేశం ఎలా తలకిందులవుతుందో పొట్టచెక్కలయ్యేలా రాశాడు. పల్ప్ నవల ఒకటి చదివినప్పుడు వీటిలో ఒకటి పక్కన పెట్టుకుని చదవండి. ఆ నౌలాన్‌కి పక్కన స్కైలర్‌ని పెట్టి చూస్తే, అప్పటి మనిషికి ఇంకోలా ఆలోచించడం చేతనయ్యేదని విడిగా ఎవరూ చెప్పక్కర్లేదు.

మరీ భరించలేకపోతే వదిలేయండి. పరీక్ష ఏమీ లేదు కదా.

ఆయుధాలు పెద్దవైపోతుంటే

ఇది చిన్న లోపం, సరదా లోపం. ప్రతి పుస్తకంలో పోయినసారికన్నా పెద్ద పేలుడు కావాలి కాబట్టి లెన్స్‌మ్యాన్ వరసలో కిరణాలతో మొదలై, రెండు గ్రహాల్ని రెండువైపుల నుంచి తెచ్చి మధ్యలో మూడోదాన్ని అప్పచ్చి చేయడం దాకా, తర్వాత సూర్యుడి శక్తినంతా ఒక్క కిరణంగా మలిచి కొట్టడం దాకా పోతుంది. నేను పుస్తకం చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో వరసగా రాసుకుంటూ పోయాను, ఏ ఆయుధం, ఎంత పెద్దది అని. మూడో పుస్తకానికి ఆ జాబితా కథకన్నా బాగుంది. ఇంకో సంగతి, ఇంత చేసినా వాళ్ల దగ్గర మన జేబుల్లో ఉన్నపాటి కంప్యూటర్ లేదు. నక్షత్రాల మధ్య తిరిగేవాళ్లు లెక్కలు స్లైడ్ రూల్‌తో (జరిపి లెక్క చూసుకునే స్కేలు) కడతారు. గ్రహాలు విసరడం ఊహించిన మనిషికి క్యాలిక్యులేటర్ ఊహకి అందలేదు.

ఏ వరసలో

మొదట వైన్‌బామ్ 'ఎ మార్షియన్ ఒడిస్సీ' చదవండి, పెద్ద కథే, గంటలో అయిపోతుంది, ఈ రకం రాతలో ఏది సాధ్యమో తెలుస్తుంది. తర్వాత సి.ఎల్. మూర్ 'షాంబ్లూ', 1933 నవంబర్ 'వియర్డ్ టేల్స్'లో వచ్చింది. ఇండియానాపొలిస్‌లో ఒక బ్యాంకులో పనిచేసే కేథరిన్ మూర్, ఇలా పక్క సంపాదన ఉందని బ్యాంకువాళ్లకి తెలిస్తే ఉద్యోగం పోతుందేమోనని పొడి అక్షరాలతో రాసింది. ఆడపిల్లనని దాచడానికి అనుకుంటారు చాలామంది, కాదు. హీరో గట్టివాడే, తుపాకీ ఉంది, కానీ అతన్ని కాపాడాల్సింది వేరేవాళ్లు. విశేషణాలు ఇక్కడా ఎక్కువే, కాకపోతే అవి పని చేస్తాయి.

ఆ తర్వాత 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్', ఆరు వాయిదాల్లో. బ్రాకెట్ దాని తర్వాత చదివితే ఆవిడ బరోస్ దగ్గర ఏం తీసుకుందో, ఏం పారేసిందో తెలుస్తుంది. 'గెలాక్టిక్ పాట్రోల్' అప్పుడు. స్కైలార్క్‌ని ఆఖరికి ఉంచండి, అదీ మొదటి అధ్యాయం వరకు మాత్రం తప్పకుండా చదవండి. ప్రభుత్వ ప్రయోగశాలలో ఒక కెమిస్టు తన పని తను చేసుకుంటుంటే, రాగి తొట్టి ఉన్నట్టుండి బల్ల మీంచి లేచి కిటికీలోంచి దూసుకుపోతుంది. ఏ వివరణా లేదు, ఏ విశేషణమూ ఎక్కువ కాలేదు, తొట్టి వెళ్లిపోయింది, అతను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను దాన్ని ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. రెండో అధ్యాయం దాటింది రెండుసార్లే.